ఫించ్‌ల బోడితలకు మందు దుకాణంలో లేదు

సంపాదకులకు,

అయ్యా,

వేసవి సెలవుల్లో పిల్లలు మారాం చేశారని కొన్న జీబ్రా ఫించ్ అనే చిన్న పంజరపు పిట్టలకు దసరా నాటికి నెత్తిన ఈకలుండవు. అనంతపురంలో, కడపలో, కర్నూలులో పిట్టలు పెంచేవాళ్లను ఎవరిని కదిలించినా ఇదే గోడు. దుకాణంలో అడిగితే పేలు పడ్డాయని ఒక పొడి, విటమిన్ తగ్గిందని ఒక చుక్కల సీసా చేతిలో పెడతారు. రెండూ అయిపోతాయి, ఈకలు మాత్రం రావు. ఈలోగా రెండో పిట్ట వీపు కూడా తేలిపోతుంది. చాలా ఇళ్లలో జరుగుతున్నది ఒక్కటే: పక్కనున్న పిట్ట పీకుతోంది. ఎందుకు పీకుతోందో పంజరాన్ని చూస్తే తెలుస్తుంది. పెంచేవాళ్లకు పనికొస్తుందని ఆ వివరాలు కాస్త విపులంగా రాస్తున్నాను. వీలైతే ప్రచురించండి.

ముందు ఈకలు ఎక్కడ పోయాయో చూడాలి. చిలుకలు తమ ఈకలు తామే పీక్కుంటాయి గానీ ఫించ్‌లలో ఆ అలవాటు అరుదు. పైగా ఏ పిట్టకూ ముక్కు తన నెత్తికి, మెడ వెనక్కి అందదు. అక్కడ బోసిపోయిందంటే మొదట అనుమానించాల్సింది తోటి పిట్టనే. నడుము మీద, తోక మొదట్లో పోయినా అంతే. అలా కాకుండా రొమ్ము, రెక్కల కింద పలచబడి, పిట్ట ఒకచోట నిలవకుండా గోక్కుంటూ ఉంటే అప్పుడు పేలు వెతకాలి. ముక్కు మొదట్లో, కాళ్ల మీద తెల్లటి చెక్కు కడితే అది చర్మాన్ని తొలుచుకుపోయే పురుగు, దానికి వైద్యం వేరు. మామూలుగా ఈకలు మార్చుకునే కాలంలోనైతే పంజరం అడుగు పళ్లెంలో ఈకలు రాలి కనిపిస్తాయి. పిట్ట కాస్త చింపిరిగా ఉంటుందే తప్ప చర్మం బయటపడదు. పీకుడు నడుస్తున్న పంజరంలో పళ్లెంలో పెద్దగా ఈకలుండవు. గూట్లో చెయ్యి పెట్టి చూస్తే అక్కడ దొరుకుతాయి.

పిట్టను మెత్తగా పట్టుకుని బోసి చోటును వెలుతురులో దగ్గరగా చూడండి. చర్మం నున్నగా, లేత గులాబీ రంగులో ఉంటే ఈక మొదలంటా ఊడిందన్నమాట. అలా ఊడినచోట కొత్తది వెంటనే పుట్టడం మొదలుపెడుతుంది. వారం, రెండు వారాల్లో సన్నటి బూడిద రంగు ములుకులు పొడుచుకొస్తాయి. నాలుగు నుంచి ఆరు వారాల్లో ఈక పూర్తవుతుంది. అలా కాకుండా చర్మం మీద మొండి కాడలు మిగిలి ఉంటే ఈకను పీకలేదు, కొరికేశారు. ఆ మొండి కాడ ఉన్నంతకాలం కొత్త ఈక రాదు, మళ్లీ ఈకలు మార్చుకునేదాకా ఆగాల్సిందే. నెలలు గడిచినా రాలేదని కంగారుపడేవాళ్లు ముందు ఈ తేడా చూసుకోవాలి.

ములుకు పెరిగేటప్పుడు దాని లోపల నెత్తురు ఉంటుంది. పీకడం మరిగిన పిట్ట ముందు వాటి మీదే పడుతుంది. సగం నయమైన పిట్టను తొందరపడి గుంపులో వేస్తే మునుపటికంటే ఘోరంగా తయారయ్యేది అందుకే. ఒకేచోట పదే పదే పీకితే ఈక మొలిచే కుదురే దెబ్బతిని ఆ చోటు ఇక ఎప్పటికీ బోడిగా మిగిలిపోవచ్చు.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, ఇక్కడ అది అంత కష్టం కాదు. గుంపులో ఒక్క ఈక కూడా చెదరకుండా నిగనిగలాడుతున్న పిట్ట ఏదో చూసుకోండి, తరచూ అదే దొంగ. పొద్దున మేత వేశాక, సాయంత్రం నిద్రకు సర్దుకునే వేళ అరగంట దూరంగా కూర్చుని గమనించాలి. దగ్గరికెళ్తే అన్నీ బుద్ధిమంతుల్లా కూర్చుంటాయి. ఒకే రంగు పిట్టలైతే కాళ్లకు తలా ఒక రంగు ప్లాస్టిక్ రింగు వేస్తే గుర్తుపట్టడం తేలిక. జంటలో ఒకదాని మెడ ఒకటి సవరించుకోవడాన్ని చూసి పొరబడకండి. సవరించుకునేటప్పుడు పిట్ట మెడ వంచి, కళ్లు అరమూసి, ఇంకాస్త దగ్గరికి జరుగుతుంది. పీకినప్పుడు ఉలిక్కిపడి, కీచుమని అరిచి పక్కకు గెంతుతుంది.

కారణాల్లోకి వస్తే, మన దగ్గర మొదట చెప్పుకోవాల్సింది గూటి సరుకు. మగ జీబ్రా ఫించ్‌కు గూడు కట్టడమంటే పిచ్చి. బయట గడ్డిపోచలతో అల్లి, లోపల మెత్తగా ఈకలు పరుస్తుంది. మనమేమో మన ఊళ్లలో లవ్‌బర్డ్స్ అని పిలిచే బడ్జీలకు కట్టే మట్టి ముంతనే దీనికీ కట్టి, లోపల ఏమీ వెయ్యకుండా వదిలేస్తాం. బడ్జీ వట్టి ముంతలోనైనా గుడ్లు పెట్టుకుంటుంది. ఫించ్‌కు అలా కుదరదు. సరుకు లేకపోతే దానికి అందుబాటులో ఉన్న మెత్తటి వస్తువు ఆడదాని వీపే.

ఒక్కో గూటికి రెండు గుప్పిళ్ల సరుకు కావాలి. ఎండిన గరిక చాలా మంచిది. కొబ్బరి పీచైతే దుమ్ము దులిపి, వేడినీళ్లలో ముంచి తీసి, ఎండలో బాగా ఆరబెట్టి, రెండు మూడు అంగుళాల ముక్కలుగా కత్తిరించాలి. ముంత అడుగున ఒక గుప్పెడు మనమే పరిచి, మిగిలింది పంజరం మూలలో వదిలితే మగది మోసుకుపోతుంది. దానికి పనీ దొరుకుతుంది, సగం పీకుడు అక్కడే తగ్గుతుంది. పొడుగు దారాలు, దూది, తల వెంట్రుకలు, గోనెసంచి పోగులు మాత్రం వద్దు. కాలికి చుట్టుకుని బిగిస్తే వేలు కుళ్లి రాలిపోతుంది. ఈకలు కావాలంటే జబ్బులేని మన పిట్టలవే, సహజంగా రాలినవి ఏరి పెట్టుకోవచ్చు. చికెన్ దుకాణం దగ్గర ఈకలు ఏరుకొచ్చి వేస్తే కోళ్ల రోగాలను ఇంటికి పిలిచినట్టే. గుడ్లు పూర్తిగా పెట్టాక మిగిలిన సరుకు తీసేయాలి. లేదంటే ఉన్న గుడ్ల మీదే ఇంకో పొర పరిచి, దాని మీద మళ్లీ గుడ్లు పెడుతుంది, కిందివి చల్లబడి పాడవుతాయి.

పిల్లల్ని పీకే తల్లిదండ్రుల సంగతి దీనికి కొనసాగింపే. జీబ్రా ఫించ్ నాలుగు నుంచి ఆరు గుడ్లు పెట్టి, 12 నుంచి 14 రోజులు పొదుగుతుంది. పిల్లలు మూడు వారాలకల్లా గూడు దిగుతాయి గానీ, సొంతంగా తినడానికి 35 రోజులు పడుతుంది. ఈ రెండు వారాల్లోనే తల్లిదండ్రులు రెండో కాపుకు దిగుతాయి. పిల్లలింకా అదే గూట్లో పడుకోవడానికి వస్తుంటే వాటిని తరమడానికి, అదే పనిగా కొత్త గూటికి ఈకల కోసం కూడా వాటి వీపులు పీకుతాయి. నల్ల ముక్కు పిల్లల నడుములు ఎర్రగా కమిలి కనిపిస్తే సంగతి ఇదే. ఆ పిల్లల్ని వెంటనే దూరం చేస్తే ఆకలికి చస్తాయి. పీకేది తల్లో తండ్రో చూసి, దాన్ని మాత్రం వేరే పంజరంలోకి మార్చి, రెండోదాని దగ్గర పిల్లలను ఉంచాలి. మేపడం ఒక్క పిట్టతోనే అయిపోతుంది. పిల్లలు గింజ ఒలుచుకుని తింటున్నాయని రెండు మూడు రోజులు చూసి తేల్చుకున్నాక వేరుచేయాలి. ఏడాదికి మూడు కాపులు చాలు. తర్వాత గూళ్లన్నీ తీసేసి, మగవీ ఆడవీ విడివిడిగా ఉంచి విశ్రాంతి ఇవ్వాలి.

రెండో కారణం ఇరుకు. దుకాణాల్లో దొరికే ఒకటిన్నర అడుగుల చదరపు పంజరంలో ఆరేసి ఫించ్‌లను కుక్కి అమ్ముతున్నారు, కొన్నవాళ్లూ అందులోనే ఉంచుతున్నారు. ఫించ్ చిలుకలా ఊచలు పట్టుకుని పైకి పాకే పిట్ట కాదు, అడ్డంగా ఎగిరే పిట్ట. దానికి ఎత్తు కంటే పొడవు ముఖ్యం. ఒక జంటకు కనీసం రెండడుగుల పొడవు, ఒకటిన్నర అడుగు లోతు ఉండాలి. మూడు జంటలకు నాలుగడుగుల పొడవు కావాలి. ఊచల సందు అరంగుళం దాటకూడదు. కూర్చునే కర్రలు రెండు చివర్లలో పెట్టి మధ్య చోటు ఎగరడానికి ఖాళీగా వదలాలి. ఒకటే కర్ర ఉంటే అన్నీ దాని మీదే వరసగా కూర్చుని పక్కదాని మెడ మీద పని మొదలుపెడతాయి. నున్నటి ప్లాస్టిక్ కర్రలకు బదులు చిటికెన వేలికంటే సన్నటి వేప కొమ్మలు, జామ కొమ్మలు కడిగి వాడండి, బెరడు ఒలుచుకుంటూ పొద్దుపుచ్చుతాయి. ఆకులున్న రెమ్మ ఒకటి మధ్యలో కడితే తరిమించుకున్న పిట్టకు దాక్కునే చాటు దొరుకుతుంది. మేత గిన్నెలు, నీళ్లు రెండేసి చోట్ల పెట్టాలి. గూళ్లు జంటల లెక్క కంటే ఒకటి ఎక్కువ, అన్నీ ఒకే ఎత్తులో ఉండాలి. ఒకటి పైన, ఒకటి కింద కడితే పైదాని కోసం కొట్లాట తప్పదు.

మగ, ఆడ లెక్క తప్పితే ఎంత పెద్ద పంజరమైనా శాంతి ఉండదు. మూడు పిట్టలుండటం అన్నిటికంటే అధ్వానం. ఇద్దరు మగవాళ్ల మధ్య ఒక ఆడదైతే దాని నెత్తి దక్కదు. బూడిద రంగు జీబ్రాల్లో మగదాన్ని పోల్చుకోవడం సులువు: నారింజ రంగు చెంపలు, పక్కల మీద తెల్లచుక్కలున్న ఇటుక రంగు, గొంతు మీద నల్ల చారలు. తెల్ల రకంలో ఇవేవీ ఉండవు, ముక్కు చూడాలి. మగదానికి ముదురు ఎరుపు, ఆడదానికి నారింజ. బెంగాలీస్ ఫించ్‌లో రెండూ ఒకేలా ఉంటాయి, పాడేది మాత్రం మగదే. నల్ల ముక్కు పిల్లల్ని చూపించి ‘జంట’ అని అమ్మితే ఆ మాట నమ్మకండి. ఇంకొక మాట: బెంగాలీస్, గౌల్డియన్ ఫించ్‌లు మెతక పిట్టలు. ఇరుకు పంజరంలో జీబ్రాలతో కలిపితే దెబ్బలు తినేది అవే.

మన ఎండల గురించి కూడా చెప్పాలి. జీబ్రా ఫించ్ పుట్టిల్లు ఆస్ట్రేలియాలోని ఎండు నేలలు, అనంతపురం ఎండ దానికి మరీ కొత్తేమీ కాదు. అక్కడైతే నీడకు పోతుంది, నీటిగుంట వెతుక్కుంటుంది. ఇక్కడ రేకుల షెడ్డు కింద, బాల్కనీ గ్రిల్లుకు వేలాడే పంజరంలో ఎక్కడికి పోతుంది? పొడిగాలికి ఈకలు పెళుసెక్కి చర్మం దురద పెడుతుంది, వేడికి చిరాకు పెరుగుతుంది. పంజరాన్ని ఈశాన్యపు గోడకు చేర్చి, మధ్యాహ్నం ఎండ, కూలర్ గాలి రెండూ నేరుగా తగలకుండా చూడాలి. పొద్దున ఒక గంట, అంగుళానికి మించి లోతు లేని మూకుడులో స్నానానికి నీళ్లు పెట్టి తర్వాత తీసేయాలి. ఈ ఒక్క పనితో ఈకలు సవరించుకోవడంలో పడిపోయి పక్కదాని జోలికి పోవడం తగ్గుతుంది. హాల్లో టీవీ, ట్యూబ్‌లైటు రాత్రి పదకొండు దాకా వెలుగుతుంటే పిట్టలకు పగలు తీరదు, గూడు కట్టే వేడీ దిగదు. వెలుతురు పన్నెండు గంటలకు మించకుండా, సాయంత్రం పంజరం మీద పల్చటి గుడ్డ కప్పండి.

మేతలో మన జిల్లాలకున్న వసతి ఇంకెక్కడా లేదు. దుకాణాల్లో ‘మిల్లెట్ స్ప్రే’ అని ప్లాస్టిక్ సంచిలో కట్టి ఖరీదుగా అమ్మేది కొర్ర కంకే. నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి సూర్యనంది లాంటి కొర్ర రకాలు వచ్చాయి. మన పొలాల్లో ఖరీఫ్ కొర్ర కోతకొచ్చే సెప్టెంబరు, అక్టోబరుల్లో రైతు దగ్గరే కంకులు కొని, ఎండబెట్టి దాచుకోవచ్చు. పురుగుమందు కొట్టలేదని అడిగి తీసుకోండి. రంగు పూసిన విత్తనపు కొర్రలు మాత్రం పిట్టలకు విషం. కంకిని అలాగే వేలాడదీస్తే ఒక్కో గింజా లాక్కుని తినడానికి పూటంతా పడుతుంది. పీకే ముక్కుకు ఇంతకంటే మంచి పని లేదు. రోజువారీ మేతకు పొట్టు తీయని కొర్రలు రెండు పాళ్లు, వరిగలు ఒక పాలు, సామలు ఒక పాలు. పిట్టకు రోజుకు సుమారు ఒక టీస్పూను. గిన్నె నిండుగా కనిపిస్తోందని వదిలేయకండి, పైన ఉన్నది వట్టి పొట్టే కావచ్చు. రోజూ పొద్దున ఊది చూడాలి.

ఈక అంటే దాదాపు అంతా మాంసకృత్తే. వట్టి గింజల మీద బతికే పిట్టకు అది చాలదు. కోడిగుడ్డు పన్నెండు నిమిషాలు ఉడికించి, పెంకుతో సహా మెదిపి, ఈకలు మొలిచే కాలంలో జంటకు ఒక టీస్పూను చొప్పున వారానికి రెండుసార్లు పెట్టండి. ఎండాకాలం రెండు గంటల్లో తీసేయాలి. వారానికి రెండుసార్లకంటే ఎక్కువ పెడితే పిట్టలు మళ్లీ కాపుకు సిద్ధమవుతాయి, పీకుడు మొదటికొస్తుంది. సున్నానికి మూలికల దుకాణంలో దొరికే సముద్రపు నురుగు (కటిల్ చేప ఎముక) ముక్క ఒకటి ఊచలకు గుచ్చితే చాలు. కొత్తిమీర, మెంతికూర బాగా కడిగి కొంచెం వేయవచ్చు.

పీకుడు కంటపడ్డ రోజు చేయాల్సింది దొంగను తీసేయడం. దెబ్బతిన్న పిట్టను దాని జతతో ఉన్నచోటే ఉంచితే త్వరగా తేరుకుంటుంది. తీసిన పిట్టను మిగతావి కనబడేలా, వినబడేలా పక్క పంజరంలో ఉంచాలి. ఫించ్ ఒంటరిగా చీకటి గదిలో ఉంటే మేత మానేస్తుంది. ఈకలు పూర్తిగా వచ్చి గట్టిపడేదాకా, అంటే కనీసం ఆరు వారాలు, కలపకండి. కలిపే రోజున కర్రలు, గూళ్లు, గిన్నెల స్థానాలన్నీ మార్చి, అన్ని పిట్టలనూ ఒకేసారి అందులోకి వదలాలి. పాత హద్దులు చెరిగిపోతాయి. ములుకు విరిగి నెత్తురు కారుతుంటే మొక్కజొన్న పిండి అద్ది, దూదితో ఒకటి రెండు నిమిషాలు మెత్తగా అదిమి పట్టండి. ఆగకపోతే డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సిందే, పన్నెండు గ్రాముల ఒంట్లో ఉండే నెత్తురు ఎంతని! పసుపు ముద్ద, వేపనూనె, వాజిలీన్ పూయకండి. నూనె అంటిన ఈక ఒంటిని కాపాడదు. పిట్ట దాన్ని నాకి కడుపులోకి కూడా పోనిస్తుంది. కలరా ఉండలు పంజరం దగ్గరికే రానివ్వకూడదు.

పేలు ఉన్నాయేమోనన్న అనుమానం తీరాలంటే రాత్రి పంజరం మీద తెల్లటి పాత పంచె కప్పి, రెండు మూడు గంటలయ్యాక టార్చితో మడతలు చూడండి. నెత్తురు తాగే ఎర్ర పేలు పగలంతా కర్రల చివర్లలో, పళ్లెం సందుల్లో దాగి రాత్రి పూట బయటికొస్తాయి. గసగసాలంత ఎర్రటి చుక్కలు గుడ్డ మీద కదులుతుంటే అవే. గూళ్లు, కర్రలు పారేసి, పిట్టలను మార్చి, పంజరం సందుల్లో సలసల కాగే నీళ్లు పోయాలి. వారానికోసారి మళ్లీ పోయాలి, గుడ్లు ఒక్క దఫాలో పోవు.

ఇక్కడే ఒక ప్రమాదం. గొర్రెలున్న ఊళ్లు కదా, వాటి పురుగులకు వేసే ఐవర్‌మెక్టిన్ సూది మందు ఏ ఇంట్లోనైనా దొరుకుతుంది. దాన్ని ఒక చుక్క పిట్ట నోట్లో వేయమని చెప్పేవాళ్లున్నారు. ఒక శాతం మందు మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములు. గొర్రెకు 50 కిలోలకు ఒక మిల్లీలీటరు. ఆ లెక్కన పన్నెండు గ్రాముల పిట్టకు కావలసింది ఒక చుక్కలో రెండు వందలో వంతు. చుక్క వేస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? పేలకు మందు వాడాల్సి వస్తే పశువైద్యుడు పిట్ట బరువు చూసి, పలచన చేసి ఇవ్వాలి. పీకుడుకైతే ఆ మందు దండగే.

ఎన్ని చేసినా మానని పిట్ట ఒకటో రెండో ఉంటాయి. అలాంటిదాన్ని వేరే పంజరంలో పక్కనే ఉంచుకోవాలి. దుకాణానికి తిరిగిస్తే అది మరో ఇంటి పంజరంలో చేరి అదే పని చేస్తుంది. బయటికి వదిలేస్తే మేత వెతుక్కోవడం రాక, కాకి కంటబడి పోతుంది.

అమ్మేవాళ్ల బాధ్యత లేకుండా ఇది తీరదు. కదలడానికి చాలని పంజరంలో జీవిని బంధించడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారమే నేరం. 2018 నాటి పెంపుడు జంతువుల దుకాణాల నిబంధనల కింద ప్రతి దుకాణమూ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర నమోదు కావాలి. మన ఊళ్లలో ఎన్ని దుకాణాలు నమోదయ్యాయో పశుసంవర్ధక శాఖ జిల్లా అధికారులు ప్రకటించాలి. మన దేశపు అడవి పిట్టలైన మునియాలను ఫించ్‌లలో కలిపి అమ్మితే అది 1972 వన్యప్రాణి చట్టం కింద మరో నేరం. ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది, తిరుపతిలో విశ్వవిద్యాలయం ఉంది. పంజరపు పక్షుల మీద తెలుగులో ఒక కరపత్రం వేసి మండల పశువైద్యశాలల్లో పెట్టడం వాటికి పెద్ద పని కాదు. అప్పటిదాకా దుకాణాలవాళ్లు కనీసం ప్రతి పంజరానికి ఒక అట్ట కట్టి, దాని మీద పిట్ట రకం, మగదో ఆడదో, ఏ నెలలో పుట్టిందో, ఇప్పుడు ఏ మేత తింటోందో రాసిపెట్టేలా అధికారులు చూడాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
పంజరపు పక్షుల పెంపకందారు,
అనంతపురం